ఇంటి చదువు - కాశీ పరీక్ష

భోజనాలయ్యాయా? వంటిల్లు సర్దుకుని, పిల్లలు బడినించి వచ్చేలోగా కాస్త నడుం వాల్చే వేళ ఇది. ఈ వేళప్పుడే మీ ముందు ఒక ప్రశ్న పెట్టబోతున్నాను. కోప్పడకండి. ఆ ప్రశ్న నాది కాదు. నెమలిలో మా చెల్లెలు అడిగింది.

నెమలి అంటే పక్షి అనుకునేరు! ఊరండీ. తిరువూరు దగ్గర, గంపలగూడెం మండలంలో వుంది. వేణుగోపాలస్వామి గుడికి పేరుపడ్డ ఊరు. మా పిన్ని కూతుర్ని ఆ ఊరే ఇచ్చారు. మొన్న స్వామి దర్శనానికని వెళ్ళి రెండు రోజులుండి వచ్చాను. గుడినించి వచ్చి అరుగుమీద కూర్చున్నామో లేదో, "అక్కా, నీకు నాలుగూళ్ళు తెలుసు, నాలుగు పుస్తకాలు తెలుసు. దీని సంగతేదో నువ్వే తేల్చు" అని కూతుర్ని చూపించింది.

సంగతేమిటంటే, ఆ పిల్లకు ఎనిమిదో తరగతిలో కీళ్ళజ్వరం వచ్చింది. డాక్టరు విశ్రాంతి కావాలన్నాడు. బడి మాన్పించారు. మా చెల్లెలు బియ్యస్సీ చదివింది. "నేను లేనూ" అని కొంగు బిగించి ఇంట్లోనే లెక్కలు, సైన్సు చెప్పటం మొదలుపెట్టింది. తెలుగు తాతగారు చెప్పారు. పిల్ల చురుకైనది, బాగా పట్టుకుంది. ఇప్పుడు ఆరోగ్యం కుదుటపడింది, పదిహేనేళ్ళు నిండాయి. పాఠాలన్నీ వచ్చు గాని చేతిలో ఒక్క కాగితం లేదు. తిరిగి బడికి పంపుదామంటే తనకన్నా చిన్నపిల్లల మధ్య కూర్చోనంటుంది. అమెరికాలో వున్న ఆడపడుచు ఫోను చేసి, "ఇక్కడ యూనివర్సిటీలే హైస్కూళ్ళు నడుపుతాయి వదినా, ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని చదువుకోవచ్చు, అందులో చేర్చండి" అందట. మరిదిగారేమో ఖర్చు లెక్కేసుకుంటున్నారు. అత్తగారు మాత్రం, "ఇంతమంది ఇంత గొడవెందుకు? పిల్లకు చదవటం రాయటం వచ్చుగా, చాల్లే" అని తేల్చేశారు.

మీ ఇంట్లో ఇలాంటి పిల్ల లేకపోవచ్చు. కాని ఏదో ఒక కారణాన చదువు మధ్యలో ఆగినవాళ్ళు లేని ఇల్లుంటుందా చెప్పండి? ఒక్కోసారి ఆ ఆగినవాళ్ళం మనమే. అందుకే ఈ కథ మీకు చెప్పాలనిపించింది. ఇంట్లో చదివిన చదువుకి బయట విలువ ఎలా వచ్చింది? ఆ విలువ కోసం మనకు ముందటి ఆడవాళ్ళు ఎంత దూరం వెళ్ళారు? అది తెలిస్తే ఏ బడి ఎంచుకోవాలన్నది సగం తేలిపోతుంది.

మొదటి కథ నెమలికి చేరువలోదే. 1874లో నందిగామ సీమలో పుట్టిన భండారు అచ్చమాంబగారి పేరు వినే వుంటారు. పదేళ్ళకే పెళ్ళి. బడి మొహం ఎరుగదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆవిడ దగ్గరే వుండి చదువుకున్నారు. తమ్ముడి చదువే ఆవిడకి బడి అయింది. అలా తెలుగు, హిందీ నేర్చుకున్నారు. తరవాత తనంత తానుగా మరాఠీ, బెంగాలీ వగైరా భాషలూ పట్టుకున్నారు. 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అని మన దేశపు స్త్రీల చరిత్రలను పుస్తకంగా తెచ్చారు. 1902లో బందరులో ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో కలిసి బృందావన స్త్రీసమాజం స్థాపించారు. 1905లో, ముప్ఫై ఏళ్ళు దాటీ దాటకుండానే కన్నుమూశారు. ఆ కొద్ది ఆయుష్షులో ఎంత పని!

చూశారా, ఇంటి చదువు తక్కువ చదువు కాదు. మా చెల్లెలి అత్తగారి మాటలో నిజం అంతవరకూ వుంది. కాని ఒక సంగతి మరిచిపోకూడదు. అచ్చమాంబగారు ఎంత చదివినా, ఆ రోజుల్లో ఆవిణ్ణి "నీ సర్టిఫికెట్టేదీ?" అని అడిగినవాళ్ళు లేరు. ఉద్యోగం చేయాల్సిన పని లేదు, కాలేజీలో చేరే వీలూ లేదు. చదువు తన ఆనందానికీ, పదిమంది మేలుకీ. ఇవాళ మన పిల్లల్ని అడుగు తీసి అడుగు వేస్తే కాగితం అడుగుతారు. నర్సు కావాలన్నా, టీచరు కావాలన్నా, బ్యాంకులో కూర్చోవాలన్నా మొదటి మెట్టు పదో తరగతి. అది దాటందే రెండో మెట్టు కనిపించదు.

ఆ మొదటి మెట్టు ఎవరు కట్టారో తెలుసా? యూనివర్సిటీలే! మనమిప్పుడు హైస్కూలు వేరు, యూనివర్సిటీ వేరు అనుకుంటాం. 1857లో మద్రాసు, కలకత్తా, బొంబాయి విశ్వవిద్యాలయాలు పుట్టినప్పుడు, తమ కాలేజీలలోకి ఎవరు రావచ్చో తేల్చే ప్రవేశ పరీక్ష అవే పెట్టుకున్నాయి. మన తాతలు గొప్పగా చెప్పుకున్న మెట్రిక్యులేషను అదే. తరవాత మద్రాసు రాష్ట్రంలో స్కూల్ ఫైనల్ పద్ధతి వచ్చింది. దాంట్లో బడిలో వున్న రోజులకీ, బడివాళ్ళు రాసే రికార్డుకీ ప్రాముఖ్యం వచ్చింది. బడికి వెళ్ళే మగపిల్లలకు అది బాగానే వుంది. మరి పెళ్ళయి ఇంట్లో వున్న ఆడపిల్ల? భర్త పోయి పుట్టింటికి చేరిన పిల్ల? వాళ్ళకు హాజరు పట్టీ ఎక్కడినించి వస్తుంది?

అలాంటివాళ్ళకు తలుపు తీసింది మనకు వెయ్యి మైళ్ళ అవతల వున్న కాశీ. మదనమోహన మాలవ్యాగారి పూనికతో 1916లో వెలిసిన బనారసు హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష పెట్టేది. దానికి ఇంట్లో చదువుకున్న ఆడవాళ్ళు ప్రైవేటుగా కూర్చోవచ్చు. మన పెద్దవాళ్ళు "ఆవిడ బెనారసు మెట్రిక్" అని చెప్పుకోవటం మీలో కొందరైనా వినివుంటారు. ఆ మాట వెనక ఎంతమంది ఇల్లాళ్ళ రాత్రిళ్ళున్నాయో!

ఆ దారిన నడిచినవాళ్ళలో అందరికన్నా పెద్ద పేరు దుర్గాబాయమ్మగారిది. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏట పెళ్ళి చేశారు. ఇంగ్లీషులో చదువు చెప్పటం నచ్చక, పన్నెండేళ్ళప్పుడు తానే బడి మానేశారు. మానేసి ఊరుకోలేదు. హిందీ నేర్చుకుని ఆడపిల్లలకు హిందీ పాఠశాల పెట్టారు. తనకింకా చదువు చెప్పించుకునే వయసు! 1923లో కాకినాడ కాంగ్రెసులో వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని నెహ్రూగారినే ప్రదర్శన గుమ్మం దగ్గర ఆపేసిన కథ మీ అందరికీ తెలిసిందే. తరవాత 1930లో ఉప్పు సత్యాగ్రహం, మూడు మార్లు జైలు. జైల్లో తోటి ఆడఖైదీలను చూశారు. తాము చేసిన నేరమేమిటో, తమకున్న హక్కేమిటో తెలియకుండా ఏళ్ళకేళ్ళు శిక్షలనుభవిస్తున్నారు. అప్పుడు పట్టుకుంది ఆవిడకు, లా చదవాలని.

లా చదవాలంటే బియ్యే కావాలి. బియ్యేకి ఇంటరు. ఇంటరుకి మెట్రిక్. మొదటి మెట్టే లేదు. అప్పటికి ఆవిడకు ఇరవై దాటాయి. తాను కాదని వచ్చిన ఇంగ్లీషునే మళ్ళీ అఆల దగ్గరనించి పట్టాలి. మనమైతే "ఇంకేం చదువులే" అనేవాళ్ళం. ఆవిడ ఇంట్లో కూర్చుని చదివి బనారసు మెట్రిక్ ప్యాసయ్యారు. తరవాత ఇంటరు కూడా బనారసులోనే. బియ్యే ఆనర్సుకి ఆంధ్ర విశ్వవిద్యాలయం. అక్కడ ఇంకో చిక్కు: ఆడపిల్లలకు హాస్టలు లేదు. తనవంటి అమ్మాయిల్ని కూడగట్టి వసతి ఏర్పాటు చేసుకుని మరీ చదివారు. 1942లో మద్రాసులో లా పూర్తి చేసి వకీలయ్యారు. రాజ్యాంగ సభలో కూర్చున్నారు. ప్రణాళికా సంఘంలో సభ్యురాలయ్యారు. ఈ మేడకంతా పునాదిరాయి ఏమిటి? ఇంట్లో చదివి రాసిన ఒక్క పరీక్ష.

అంతకన్నా గొప్ప సంగతి వినండి. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలైంది కదా. ఇవాళ దాని పేరు చెబితే ఆస్పత్రులు, కాలేజీలు గుర్తొస్తాయి. అది మొదట చేపట్టిన పనుల్లో ఒకటి ఏమిటనుకున్నారు? తెలుగు అమ్మాయిలను బనారసు మెట్రిక్ పరీక్షకు తయారుచేయటం! తాను ఒంటరిగా ఎక్కిన మెట్టు మీదకి పదిమందిని చెయ్యిపట్టి ఎక్కించారు. పరీక్ష కాశీ వాళ్ళదే, పుస్తకాలూ అవే. మారిందల్లా ఒకటే. పక్కన ఇంకో అమ్మాయి కూర్చుని వుంది. అర్థం కాకపోతే అడగటానికి ఒక మనిషి వుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో పనుంది.

స్వరాజ్యం వచ్చాక ఆ దారే వెడల్పయింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ సంఘానికి దుర్గాబాయమ్మగారే మొదటి అధ్యక్షురాలు. 1958లో ఆ సంఘం కండెన్స్‌డ్ కోర్సులు మొదలుపెట్టింది. మధ్యలో బడి మానేసిన ఆడవాళ్ళను రెండేళ్ళలో మెట్రిక్ దాకా తీసుకువెళ్ళటం దాని ఉద్దేశం. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం పోస్టులో పాఠాలు పంపటం ఆరంభించింది. 1972లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆ బాట పట్టింది. 1979లో కేంద్ర మాధ్యమిక విద్యా సంఘం ఢిల్లీలో ఓపెన్ స్కూలును ప్రయోగంగా పెట్టింది. అదే 1989లో నేషనల్ ఓపెన్ స్కూలయింది. 1982లో హైదరాబాదులో దేశంలోకెల్లా మొదటి ఓపెన్ యూనివర్సిటీ వెలిసింది. ఇప్పుడు దాన్ని అంబేద్కర్ విశ్వవిద్యాలయం అంటున్నాం. ఇంటరు లేనివాళ్ళు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చునని అది అన్నప్పుడు, ఎంతమంది గృహిణులు అట్టలు చిరిగిన పాత పుస్తకాలు అటకమీదనించి దింపారో! 1991లో మన రాష్ట్రానికి ఓపెన్ స్కూల్ సొసైటీ వచ్చింది. పదో తరగతి, తరవాత ఇంటరు కూడా దాని కింద రాయవచ్చు.

ఇక అమెరికా ఆడపడుచు చెప్పిన బళ్ళ సంగతి. అవేవో నిన్న మొన్న కంప్యూటర్లు వచ్చాక పుట్టినవనుకునేరు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయం 1929లోనే హైస్కూలు పాఠాలు పోస్టులో పంపింది. ఎందుకంటారా? అక్కడ పల్లెలు దూరదూరంగా వుంటాయి. చిన్న బడిలో అన్ని సబ్జెక్టులకీ పంతుళ్ళు దొరకరు. లాటిన్ చెప్పేవాళ్ళుంటే పైలెక్కలు చెప్పేవాళ్ళుండరు. అందుకని యూనివర్సిటీ పాఠం పంపితే, ఆ ఊళ్ళోనే ఒకరు దగ్గరుండి చదివించి, పరీక్ష రాయించి కాగితాలు తిరిగి పంపేవారు. మన నెమలి బాధే వాళ్ళదీనూ! ఆ హైస్కూలు ఇప్పుడు కంప్యూటరు మీద నడుస్తోంది. టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయం 1993నించి ఇలాంటి బడి నడుపుతోంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2006లో ఆన్‌లైన్ హైస్కూలు తెరిచింది. ఇందులో ముందుగా రాసి పెట్టిన పాఠం చదువుకుని ఊరుకుంటే చాలదు. వేళకి తెరముందు కూర్చోవాలి, టీచరుగారితో, తోటిపిల్లలతో వాదించాలి. అక్కడ మన తెలుగువాళ్ళు కొందరు ఉద్యోగాలకోసం ఊళ్ళు మారుతుంటారు. పిల్లల్ని ఇంట్లో చదివించుకునేవాళ్ళూ వున్నారు. వాళ్ళకీ బళ్ళు బాగా పనికొస్తాయి.

మరి నెమలి పిల్లకు? అరుగుమీద కూర్చుని మేం అయిదు ప్రశ్నలు రాసుకున్నాం. మీకూ పనికొస్తాయని చెబుతున్నాను.

మొదటిది, ముద్ర ఎవరిది, అది ఎక్కడ చెల్లుతుంది? బనారసు మెట్రిక్ విలువంతా దాన్ని పై యూనివర్సిటీలు ఒప్పుకోవటంలో వుంది. బడి పేరు ఎంత పెద్దదైనా, మనం రేపు చేర్చబోయే కాలేజీ ఆ కాగితాన్ని ఒప్పుకుంటుందా లేదా అన్నదే అసలు మాట. విదేశీ సర్టిఫికెట్టయితే మన విశ్వవిద్యాలయాల సంఘం దగ్గర సమాన అర్హత పత్రం తీసుకోవలసి రావచ్చు. చేరకముందే రాసి కనుక్కోవాలి, చేరాక కాదు. మన ఓపెన్ స్కూలు కాగితానికి కూడా పోరాటాలు తప్పలేదు. ఓపెన్ స్కూల్లో చదివినవాళ్ళు వైద్యవిద్య ప్రవేశపరీక్షకు అర్హులు కారనే నిబంధన వుండేది. దాన్ని 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. అందుకని ఏ ఏడు నిబంధన ఆ ఏడు చూసుకోవటం మంచిది.

రెండోది, వేళ. కాలిఫోర్నియాలో పొద్దున్న తొమ్మిదింటికి క్లాసు మొదలైతే మనకు ఎండాకాలంలో రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర. జబ్బుచేసి లేచిన పిల్లను అర్ధరాత్రి దాకా కూర్చోబెట్టగలమా? అదే నెబ్రాస్కా తరహా బడి అయితే పాఠం మన వేళకి చదువుకోవచ్చు. కాని అప్పుడు తోటిపిల్లలు కనపడరు.

మూడోది, ఖర్చు. డిప్లొమా మొత్తానికి చేరితే వేల డాలర్ల మాట. కొన్నిచోట్ల ఒక్క సబ్జెక్టు కూడా విడిగా తీసుకోవచ్చు. మన ఓపెన్ స్కూల్లో ఫీజు మధ్యతరగతివాళ్ళం భరించగలిగేంతలో వుంటుంది.

నాలుగోది, ఎన్ని అవకాశాలు? జాతీయ ఓపెన్ స్కూల్లో పధ్నాలుగేళ్ళు నిండితే పదో తరగతికి, పదిహేను నిండి పదోతరగతి ప్యాసైతే పై పరీక్షకి కట్టవచ్చు. అయిదేళ్ళలో తొమ్మిదిసార్లు కూర్చోవచ్చు, ప్యాసైన సబ్జెక్టు ప్యాసైనట్టే వుంటుంది. ఆరోగ్యం అటూ ఇటూగా వున్న పిల్లకు ఇంతకన్నా ఊరట ఏం కావాలి?

అయిదో ప్రశ్న మేం రాయలేదు, పిల్లే వేసింది. అంతదాకా స్తంభానికి ఆనుకుని వింటున్నదల్లా, "పెద్దమ్మా, నాతోపాటు చదివేవాళ్ళు ఎవరూ వుండరా?" అంది.

ఆ మాటతో మా ముగ్గురికీ నోరు పెగల్లేదు. రెండేళ్ళనించీ ఆ పిల్ల అమ్మతోనూ తాతతోనూ తప్ప పాఠం గురించి మాట్లాడలేదు. మేం ముద్ర గురించీ డబ్బు గురించీ మాట్లాడుతున్నాం, ఆ పిల్ల స్నేహం గురించి అడుగుతోంది. నాకు ఆంధ్ర మహిళా సభ గుర్తొచ్చింది. దుర్గాబాయమ్మగారికి పరీక్ష ఒక్కటే చాలుననిపిస్తే సభ పెట్టేవారే కాదు గదా! ఇంట్లో చదివే చదువుకి లోటు తెలివితేటల్లో కాదు, తోడులో వుంది. ఆ తోడు ఏ బడి ఇస్తుందో, ఎంత ఇస్తుందో చూడకుండా ఎంచుకుంటే పిల్లకు కాగితం వస్తుంది గాని బెంగ తీరదు.

చివరికి ఏం చేశామంటారా? ఈ ఏడు ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టించాలని తేల్చాం. దగ్గర్లో స్టడీ సెంటరు ఎక్కడుందో, సెలవురోజుల క్లాసులు నిజంగా జరుగుతాయో లేదో మరిదిగారు స్వయంగా వెళ్ళి చూసి రావాలన్నది నా షరతు. కాగితం మీద వున్న క్లాసులన్నీ బల్లల మీద వుండవు కదా! సైన్సు ప్రాక్టికల్సు ఎక్కడ చేయిస్తారో కూడా అడిగి రమ్మన్నాం. ఇంటరుకి వచ్చాక ఆరోగ్యం సహకరిస్తే కాలేజీకే పంపాలి. అప్పటికీ మనసుంటే, అమెరికా బడినించి ఒక్క సబ్జెక్టు తీసుకుని రుచి చూడవచ్చు. ఆడపడుచుకి ఆ మాటే మర్యాదగా చెప్పమన్నాను. ఆవిడ చెప్పింది తప్పు కాదు. దల్లాసులోని పిల్లకు సరిపోయింది నెమలి పిల్లకు ఇప్పుడే సరిపోదు, అంతే.

వచ్చేటప్పుడు అత్తగారు బొట్టుపెట్టి, జాకెట్టుగుడ్డ చేతిలో పెడుతూ నెమ్మదిగా అడిగారు: "అమ్మాయ్, ఆ పదోతరగతికి వయసు ఇంతకు మించకూడదని వుందా?" పధ్నాలుగుకి తక్కువ కాకూడదుగాని, ఎక్కువకి హద్దు లేదండీ అన్నాను. ఆవిడ ఇంకేమీ అనలేదు. మనవరాలి పుస్తకాల వంక మాత్రం ఒకసారి చూశారు.

మీ ఇంట్లో అటకమీద అలాంటి పుస్తకాలేమైనా వున్నాయా? ఈ సాయంత్రం ఒకసారి దింపి దుమ్ము దులపండి. పక్కింటావిడనీ పిలవండి. తోడుంటుంది. శలవు.